షామియానాతో గండికోటకు

నీళ్ళు రావడం చూసి మా నాన్న అన్న మొదటి మాట: "లాకులు ఎవడ్రా ఎత్తిందీ!"

అక్కడ లాకులు లేవు, కాలువ లేదు, ఎత్తడానికి మనిషీ లేడు. జమ్మలమడుగుకు ఇవతల ఎండిపోయిన ఒక వాగు మధ్యలో, పాదాలు కూరుకుపోయే మెత్తటి ఇసకలో, కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుని వంటకు దిగాం. మధ్యాహ్నం ఎండ తగ్గుముఖం పట్టింది. నెత్తిన మబ్బు తునక లేదు. అన్నయ్యా నేనూ ఇసకలో బావి తవ్వుతున్నాం. గట్టు మీద ఆపిన వ్యాను మెట్టు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్న మా నాయనమ్మ ఉన్నట్టుండి, "ఒరేయ్ అబ్బాయ్, ఇసక కదులుతోందిరా!" అని అరిచింది. తలెత్తి చూస్తే, పైనుంచి ఎండుటాకులు, మేకపెంటికలు, తుమ్మకాయలు, పుల్లలు అన్నీ నురగతో కలిసి, ఎవరో చాప పరుస్తున్నట్టు మా వైపు దొర్లుకుంటూ వస్తున్నాయి. దాని వెనకాల ఎర్రటి నీళ్ళు.

నాన్న ఉడుకుతున్న గుండిగ అంచు పట్టుకోబోయాడు. "అది పోతే పోయిందండీ, ముందు పిల్లల్ని పట్టండి!" అని అమ్మ కేక వేసి, నన్ను జబ్బ పట్టుకుని ఈడ్చింది. మేము గట్టెక్కి వెనక్కి తిరిగేసరికి నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి, ఊపిరి పీల్చుకునేసరికి నడుము దాకా వచ్చాయి. సగం ఉడికిన అన్నంతో మా గుండిగ గిర్రున తిరుగుతూ తెప్పలా పోయింది. దాని వెంట బియ్యం డబ్బా, గరిటెలు పెట్టిన బుట్ట, స్టవ్వు, నా చెప్పొకటి వరసగా వెళ్ళిపోయాయి. అన్నయ్య భయపడటం మానేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

డెల్టా బయట పుట్టినవాళ్ళకు నాన్న అన్న మాట వింతగా ఉంటుంది. మా వైపు నీళ్ళు చెప్పి వస్తాయి. ఎండాకాలం కాలువలు కట్టేస్తే, బెజవాడ మధ్యలోంచి పోయే కాలువ అడుగంతా మా పిల్లలకు ఆటస్థలం. నెర్రెలిచ్చిన బురద పెచ్చుల మీద పాదాలు కాలుతుంటే గెంతుకుంటూ ఆల్చిప్పలు ఏరుకునేవాళ్ళం, మడుగుల్లో మిగిలిన నీళ్ళలో పెద్దవాళ్ళు కొర్రమీల కోసం చేతులు పెట్టి దేవుతుంటే గట్టున కూర్చుని బురద వాసన పీలుస్తూ పందాలు కాసేవాళ్ళం. తొలకరి రోజుల్లో ఎవరో ఒకరు సైకిలు మీద వస్తూ, బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారటర్రా అని చెబితే, వీధి పిల్లలందరం గట్టెక్కి ఆ నీటి మొనతో పాటు పరుగెత్తేవాళ్ళం. నీళ్ళు నిదానంగా, మర్యాదగా, పిలిచిన ఇంటికి వచ్చినట్టు వచ్చేవి. కబురు లేకుండా, గేటు ఎత్తకుండా, ఎక్కడో మా కంటికి కనపడని కొండల మీద పడిన వానకు ఇక్కడ వాగు పొంగుతుందన్న సంగతి మా ఇంటావంటా లేదు. ఎండిన వాగు నాన్న కంటికి కట్టేసిన కాలువలాగే కనిపించింది. అందుకే గట్టున అంత చోటుండగా ఇసక మెత్తగా ఉందని అందులో దిగాడు.

అసలు మేము అంత దూరం ఎందుకు వెళ్ళామో చెప్పాలి.

నాన్నకు పటమటలో టెంటు హౌసు ఉండేది. పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టు. పైన మిద్దె మీద మా కాపురం. ఎరుపూ పసుపూ కుచ్చుల షామియానా గుడ్డలు కొట్లో మా ఎత్తు దొంతరలుగా ఉండేవి. వాటి మీద పడుకుంటే పాత పన్నీరు, వాడిన బంతిపూలు, సాంబారు పొగ కలిసిన వాసన వచ్చేది. ఎవరెవరి పెళ్ళిళ్ళలో పట్టిందో తెలియని ఆ వాసనే నాకు ఇంటి వాసన. ప్రతి గిన్నెకూ అడుగున ఆకుపచ్చ రంగుతో మా గుర్తు వేసి ఉండేది. పెళ్ళి అయిన మర్నాడు ఒక్క గరిటె తక్కువైనా నాన్న ఆ పెళ్ళివారింటికి స్వయంగా వెళ్ళి, కాఫీ తాగి, వాళ్ళ మంచాల కింద వంగి చూసి మరీ తెచ్చుకునేవాడు. పొరపాటున వేరేవాళ్ళ గిన్నె మా సామానులో వస్తే అదే పూట సైకిలు మీద పంపేసేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయారు. వ్యాను కొట్టు ముందు నిద్రపోతోంది. నేను ఐదో తరగతి గట్టెక్కాను. ఎక్కడికైనా వెళ్దామని నాన్న అనగానే అమ్మ ముఖం ముడుచుకుంది.

మా ఇంట్లో ప్రయాణమంటే చుట్టాలిల్లు. బందరు వెళ్తే పెద్ద మేనత్త ఇల్లు, తెనాలి వెళ్తే పిన్ని ఇల్లు, తిరపతి వెళ్ళినా దారిలో ఎవరో ఒకరు ఉండాల్సిందే. హోటల్లో దిగడం చుట్టాలను అవమానించడం. వెళ్ళిన ఇంట్లో నాన్న వసారాలో పడకకుర్చీ ఎక్కేవాడు, మేము మామిడిచెట్టు ఎక్కేవాళ్ళం. అమ్మ మాత్రం చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా ఆ ఇంటి వంటింట్లోకి వెళ్ళి ఆనపకాయ ముందేసుకుని కూర్చునేది. అలా కూర్చోకపోతే మర్యాద కాదు. సముద్రం చూడటానికని బందరు మూడు ఎండాకాలాలు వెళ్ళాం. అమ్మ సముద్రం చూడలేదు.

"ఈసారి ఎవరింటికీ వద్దండీ. కొండలు చూడాలి. లోయ చూడాలి. ఏ వంటింట్లోకీ నేను అడుగుపెట్టను," అంది అమ్మ, మిద్దె మెట్ల మీద కూర్చుని మల్లెలు కడుతూ.

"మరి ఎక్కడుంటామే?"

"ఊరందరికీ నీడనిచ్చే గుడ్డలు కిందే ఉన్నాయిగా. మనకొకటి వెయ్యలేరా?"

నాన్నకు ఈ ఆలోచన తలకెక్కింది. "వంట కూడా నేనే చేస్తా చూడు," అన్నాడు. చుట్టాలింటి గడప తొక్కనని మాటిచ్చాడు. మధ్యలో నాయనమ్మ, "మాట ఇస్తే సరిపోదు అమ్మాయ్, వీడు చెట్టుని చూసినా ఇంటిపేరు అడిగే రకం," అంది. తనను వదిలి వెళ్తారేమోనని అప్పటికే ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి పెట్టుకుంది కూడా.

తెల్లారగట్ల బ్యారేజీ దాటుతుంటే కృష్ణ ఇసక తిన్నెల మధ్య సన్నగా మెరిసింది. గుంటూరులో మిర్చి ఘాటుకు వ్యాను వ్యానంతా తుమ్మింది. కిటికీలకు తడి తువ్వాళ్ళు కట్టుకుని, ఆగిన చోటల్లా తాటిముంజలు తింటూ, ముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే జంతికలు నములుతూ పోయాం. నరసరావుపేటలో సోడా తాగడానికి ఆగినప్పుడు నాన్న సోడాబండి పక్కన నిల్చున్న పెద్దమనిషితో, "మీదేవూరండీ?" అని మొదలుపెట్టాడు. నా సోడా సగం అయ్యేసరికి ఇంటిపేరు తేలింది. పూర్తయ్యేసరికి ఆయన నాన్నకు బాబాయి వరస అయ్యాడు. "ఇదిగో ఈ పక్క సందే, మజ్జిగైనా పుచ్చుకుని పోవాలి బాబూ," అని ఆయన నాన్న చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ ముందు సీట్లోంచి చెయ్యి చాపి హారను నొక్కింది. తియ్యకుండా నొక్కింది. సెంటరులో నిద్రపోతున్న కుక్కలు లేచాయి. నాన్న పరుగున వచ్చి ఎక్కాడు. అక్కడినుంచి దారి పొడుగునా, నాన్న ఎవరినైనా చూసి నవ్వితే చాలు, హారను నేను నొక్కుతా నేను నొక్కుతానని అన్నయ్యా నేనూ కొట్టుకున్నాం.

ఆ సాయంత్రం కంభం చెరువు దగ్గర మొదటి మకాం. చెరువు అంటే చెరువు కాదది, చుట్టూ కొండలు పెట్టుకున్న చిన్న సముద్రం. గట్టు దిగువన నాన్న రాటలు పాతి షామియానా వేశాడు. వంటకు కూర్చున్నాక తెలిసిందేమిటంటే, నాన్నకు వంట వచ్చు, ఐదుగురికి చెయ్యడం రాదు. పెళ్ళి వంటవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్న విద్య అది. చింతపండు గంపల్లో, నూనె డబ్బాల్లో తప్ప కొలత తెలియదు. "చూడ్డానికి కొంచెమే ఉంది," అంటూ వేసుకుంటూ పోయాడు. పులిహోర గుండిగ పొంగి పక్కన పళ్ళెంలో పడింది. చివరికి రోడ్డు మీద లారీలు ఆపిన డ్రైవర్లను, మేకలు తోలుకుపోయేవాళ్ళను పిలిచి వడ్డించాం. షామియానా చూసి వాళ్ళు కూడా పెళ్ళనే అనుకుని, చేతులు కడుక్కుని వరసగా కూర్చున్నారు. అమ్మ చెరువు వైపు తిరిగి, కాళ్ళు చాపుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింది. ఎవరూ ఆమెను ఇంకొంచెం పప్పు తెమ్మని అడగలేదు. అమ్మ అలా కాళ్ళు చాపుకుని తినగా నేను చూడటం అదే మొదటిసారి.

గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కుతుంటే మా పిల్లల ఉత్సాహానికి హద్దు లేదు. బల్లపరుపు నేలలో పుట్టినవాళ్ళం. మాకు కొండంటే ఎక్కి దిగే మెట్లే తెలుసు గాని, రోడ్డు దానంతటది చుట్టలు చుట్టుకుంటూ పైకి పోవడం చూసి ఎరగం. ప్రతి మలుపులోనూ మేము వచ్చిన రోడ్డే కింద కనిపిస్తుంటే, అన్నయ్య "అదిగో మనం! అదిగో మనం!" అని అరిచేవాడు. వెదురు పొదల నుంచి ఎండిన ఆకుల వాసన, ఇంజను నుంచి కాలిన రబ్బరు వాసన కలిసి వచ్చేవి. కొండముచ్చులు పిట్టగోడ మీద కూర్చుని, పెళ్ళివారిని చూసినట్టు మమ్మల్ని చూశాయి. వ్యాను పొగలు కక్కుతూ ఆగిపోతే నాన్న దానికి నీళ్ళు పోస్తుంటే, "మజ్జిగ పొయ్యిరా, వేడి చేసిందేమో," అంది నాయనమ్మ.

కొండ దిగాక నేల రంగు మారిపోయింది. చెట్టు చెట్టుకూ దూరం, ఊరూరికీ దూరం. పొలాలకు కంచెలుగా నల్లటి నాపరాళ్ళు నిలబెట్టారు. ఇళ్ళ కప్పులూ నాపరాళ్ళే, గట్లూ నాపరాళ్ళే. ఎండ వాటి మీద పడి లేచి మా కళ్ళలోకి వచ్చేది. బనగానపల్లెలో మామిడిపళ్ళు కొని అందరం రసం కారుస్తూ తింటుంటే నాయనమ్మ ఒక చెంప రుచి చూసి, "బాగానే ఉంది గానీ, మన నూజివీడు కాయ ముందర దీని పేరు వీళ్ళకెందుకిచ్చారో," అంటూ మూడు పళ్ళు తింది.

ఆ మర్నాడే వాగు.

వచ్చినట్టే పోయాయి నీళ్ళు. గంట తిరిగేసరికి ఇసక మీద సన్నటి పాయ ఒకటి మిగిలింది. మా గుండిగ ఆచూకీ లేదు. మిగిలింది గట్టు మీది వ్యాను, అందులో షామియానా గుడ్డ, రాటలు, పరుపులు, నీళ్ళ డ్రమ్ము, నాయనమ్మ ఒళ్ళో ఆవకాయ జాడీ. చూద్దామని బయల్దేరిన గండికోట లోయ ఇంకా చూడలేదు. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎటో చూస్తూ నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"మా మేనత్త తోటికోడలి తమ్ముడొకాయన ఈ పక్కనే డ్యాము దగ్గర పనిచేస్తున్నాడు. మైలవరం."

"మైలవరం మనూరి పక్కన కదండీ!"

"ఇక్కడా ఒకటుంది. ఒక్క పూటేనే. పిల్లలకు వేడన్నం..."

అమ్మ కోపం తెచ్చుకోలేదు. వ్యానులోకి వెళ్ళి కూర్చుని కొంగు సర్దుకుంది. "మీరు వెళ్ళి భోంచేసి రండి. నేను వ్యాను దిగను. ఆవిడ బయటికొచ్చి పిలిస్తే మాత్రం దిగాల్సొస్తుంది. దిగితే వంటింట్లోకి వెళ్ళాల్సొస్తుంది. అక్కడితో నా ప్రయాణం అయిపోయినట్టే," అంది. ఆ గొంతులో ఏడుపు ఉందని నాకు అర్థమైంది. నాన్నకూ అర్థమైంది. నాయనమ్మ జాడీ పట్టుకుని లేచి అమ్మ పక్కన సర్దుకుని కూర్చుంది. "నేనూ దిగను. పోనివ్వరా గండికోటకి," అంది.

కొండ మీద కోటగోడల వెనక రోడ్డు అయిపోయింది. కొంత దూరం బండల మీద నడిచాం. ఆ తరవాత నేల లేదు. ఎవరో పెద్ద రంపంతో కోసినట్టు ఎర్రరాతి కొండ నిలువునా రెండుగా చీలి, అట్టల మీద అట్టలు పేర్చినట్టు గోడలు దిగి, అడుగున పెన్న ఎక్కడో పచ్చటి నాడాలా పడి ఉంది. గద్దలు మాకంటే కింద ఎగురుతున్నాయి. గద్ద వీపు ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. అన్నయ్య అరిస్తే లోయ తిరిగి అరిచింది. అమ్మ మాత్రం బండ మీద కూర్చుండిపోయి, చాలాసేపటికి, "అబ్బ," అంది. అంతే.

షామియానా వేస్తుంటే లోయ గాలికి అది తెరచాపలా లేచి నాన్నను నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. ఎర్ర కుచ్చులు ఎగురుతుంటే ఊళ్ళోంచి ఆడవాళ్ళు కొందరు వచ్చి, "పెండ్లి ఎవురిదమ్మా? మూఢంలో చేస్తాండారే!" అని అడిగారు. నాయనమ్మ అమ్మానాన్నలను చూపించి, "వీళ్ళిద్దరిదే. మొదటిసారి సరిగ్గా కుదర్లేదు," అంది. వాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, మాకు బొరుగులు, మా వైపు మరమరాలంటాం, తెచ్చిచ్చారు. ఆవకాయ నూనె కలుపుకుని తిన్నాం.

ఊళ్ళో హోటలేదైనా ఉంటుందేమో చూసొస్తానని నాన్న వ్యాను తీసుకుని జమ్మలమడుగు వెళ్ళాడు. బాగా చీకటి పడ్డాక వచ్చాడు. చేతిలో గిన్నెల క్యారేజీ ఉంది. మూత తియ్యగానే వేడి ఆవిరి. అన్నం, ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, వడియాలు, మీగడ పెరుగు. మా ఐదుగురికి సరిగ్గా సరిపోయేంత.

"హోటలు," అన్నాడు నాన్న, ఎవరూ అడగకముందే.

అమ్మ మొదటి ముద్ద పెట్టుకుని ఆగింది. వంకాయ కూర వేలితో విడదీసి చూసింది. కారం కూరి, కాడలు ఉంచి, అడుగంటకుండా మగ్గబెట్టిన కూర. "ఇది హోటలు చెయ్యి కాదండీ," అంది. నాన్న పెరుగు కలుపుకుంటున్నాడు. "ఈ ఉక్కలో, ఈ వేళప్పుడు, ఎవరో ఒకావిడ పొయ్యి ముందు కూర్చుంది. ఎవరండీ ఆవిడ?"

"హోటలనే చెబుతున్నా కదే."

అమ్మ అన్నం మాత్రం వదలకుండా, గిన్నె అంచులు తుడుచుకుని తింది. తిన్నాక క్యారేజీ తనే కడిగి, తువ్వాలుతో ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి అమర్చి పక్కన పెట్టుకుంది. "పొద్దున్న వెళ్ళేటప్పుడు ఇచ్చేసి పోదాం. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు, బజార్లో పళ్ళు కొనండి," అంది. తెల్లారి లోయలోకి ఎండ దిగడం చూసి బయల్దేరాక, నాన్న జమ్మలమడుగు ఊళ్ళోకి పోకుండా బయట బయటే వేరే రోడ్డు పట్టాడు. గరిటె కోసం మంచాల కింద దూరే మనిషి, ఎవరిదో క్యారేజీ వ్యానులో పెట్టుకుని ఇంటి దాకా వచ్చేశాడు.

ఇప్పుడు టెంటు హౌసు లేదు. పెళ్ళిళ్ళు ఏసీ హాళ్ళకు వెళ్ళాయి. మా కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఎండాకాలం కాలువ అడుగున ఆడే పిల్లలు లేరు, ఆడేలా కాలువా లేదు. ఆవకాయ పాళ్ళు నేర్పకుండానే నాయనమ్మ వెళ్ళిపోయింది. పోయిన వేసవిలో అమ్మానాన్నలను కారులో కూర్చోబెట్టుకుని మళ్ళీ గండికోట వెళ్ళాను. అక్కడ ఇప్పుడు గుడారాలు అద్దెకిస్తున్నారు. ఫోనులోనే డబ్బు కట్టి, లోపల ఫ్యాను ఉందా అని అడుగుతున్నారు జనం.

ఆ ప్రయాణంలో అమ్మ సంచిలో ఆ క్యారేజీ ఉంది, నిండా సున్నుండలతో. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: రాజ్యలక్ష్మి. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. మా చుట్టాల్లో, చుట్టాల చుట్టాల్లో ఆ పేరు గలావిడ లేదని అమ్మ ఏనాడో ఆరా తీసింది. జమ్మలమడుగులో పాత బజారు, బస్టాండు వెనక వీధులు, డ్యాము ఉద్యోగుల క్వార్టర్లు తిరిగాం. రాజ్యలక్ష్మి పేరుతో దొరికిన ఒకావిడకు ముప్పయ్యేళ్ళు కూడా లేవు.

"ఏ హోటలువాడు పేరు కొట్టించిన క్యారేజీ ఇస్తాడండీ? ఇప్పటికైనా చెప్పండి. చుట్టాలింటికే వెళ్ళారా, ముక్కూముఖం తెలియనివాళ్ళ తలుపు కొట్టారా?" అని అమ్మ కారులోనే నిలదీసింది.

నాన్న కిటికీ అద్దం దించి వీధి చూస్తూ, "హోటలు ఎత్తేసినట్టున్నారే," అన్నాడు.

సున్నుండలు తిరుగు దారిలో మేమే తిన్నాం. క్యారేజీ ఇంకా మా అమ్మ దగ్గరే ఉంది.